ఇంజెక్షన్లు ఆపాక నీరసం... ఏం వాడాలి?

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. జిమ్‌లో చెప్పారని ఏడాదిపాటు టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు తీసుకుని, మూడు నెలల క్రితం మానేశాను. నీరసంగా ఉంటోంది, కోరికలు తగ్గాయి. క్లోమిఫీన్‌తోపాటు అశ్వగంధ, జింక్ వాడొచ్చా?
– ఒక పాఠకుడు, శ్రీ విజయపురం (పోర్ట్‌బ్లెయిర్)

జవాబు: హార్మోన్ బయటి నుంచి అందితే, పిట్యూటరీ గ్రంథి వృషణాలకు ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ సంకేతాలు తగ్గించేస్తుంది. మళ్లీ గాడిన పడటానికి నెలలు, ఒక్కోసారి ఏడాది పైనే పడుతుంది. క్లోమిఫీన్ ఆ సంకేతాలను పెంచుతుంది. కానీ డాక్టరు చీటీ లేకుండా వద్దు. చూపు మసకబారితే వెంటనే ఆపేసి డాక్టరుకు చెప్పాలి. జింక్ లోపమున్నవారికే మేలు. అశ్వగంధ కొందరిలో కాలేయాన్ని దెబ్బతీస్తుంది, థైరాయిడ్‌నూ మారుస్తుంది. ఉదయం పరగడుపున, 10 గంటలలోపు టెస్టోస్టిరాన్, ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ పరీక్షలు చేయించుకోండి. రిపోర్టులతో జి.బి.పంత్ ఆసుపత్రిలో చూపించుకోండి. పిల్లలు కావాలనుకుంటే వీర్య పరీక్ష కూడా అవసరం. ఇంజెక్షన్ల మాట దాచకండి.