కృషి విజ్ఞాన కేంద్రాలలో లక్ష్య నిర్దేశం, సాధన: దక్షిణ తెలంగాణ మెట్ట సేద్యపు దృష్టితో

సంస్థ ఏ ఫలితం కోసం పనిచేయాలో నిర్ణయించడం నిర్వాహకుని ప్రథమ కర్తవ్యం. పీటర్ డ్రకర్ 1954లో వివరించిన ‘లక్ష్యాధారిత నిర్వహణ’ ప్రకారం, లక్ష్యాన్ని సాధించవలసిన వారికి దానిని నిర్ణయించడంలోనూ భాగస్వామ్యం ఉండాలి. కృషి విజ్ఞాన కేంద్రాల వార్షిక కార్యాచరణ ప్రణాళికను రైతు ప్రతినిధులు కూడా సభ్యులుగా ఉండే శాస్త్రీయ సలహా సంఘం ముందు చర్చించడంలోని ఉద్దేశం ఇదే.

పని సంఖ్య, ఫలితం

‘ఈ ఏడాది కందిలో ఇరవై ప్రథమ శ్రేణి ప్రదర్శనలు’ అన్నది పని సంఖ్య మాత్రమే, లక్ష్యం కాదు. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల చల్క నేలలు తేమను ఎక్కువ కాలం నిలుపుకోలేవు. దీర్ఘకాలిక కంది రకాలు కాయ దశలో బెట్టకు గురవుతాయి. కనుక ‘పాలెం పరిశోధన స్థానం రూపొందించిన స్వల్పకాలిక రకం పి.ఆర్.జి. 176 ద్వారా బెట్ట నష్టాన్ని తగ్గించి, ఎకరా దిగుబడిని పెంచడం’ అనేది లక్ష్యమవుతుంది. ఎంత పెంచాలన్నది ఆ గ్రామపు ప్రస్తుత దిగుబడిని కొలిచిన తరువాతనే నిర్ణయించాలి.

సాధన క్రమం

లక్ష్యం నుండి వెనుకకు లెక్కించాలి. ఇరవై ఎకరాలకు, ఎకరాకు 3 కిలోల చొప్పున 60 కిలోల విత్తనం కావాలి. అది తొలకరికి ముందే గ్రామానికి చేరాలంటే రైతుల ఎంపిక, విత్తన సేకరణ వేసవిలోనే పూర్తికావాలి. ప్రతి పనికీ ఒక బాధ్యుడు, ఒక గడువు ఉండాలి. వర్షాలు ఆలస్యమైతే వరుసల దూరం తగ్గించి మొక్కల సాంద్రత పెంచడం వంటి ప్రత్యామ్నాయాన్ని ముందే నిర్ణయించుకోవాలి.

మూల్యాంకనం

సంభావ్య దిగుబడికీ ప్రదర్శన దిగుబడికీ మధ్య తేడా సాంకేతిక అంతరం. ప్రదర్శన దిగుబడికీ రైతు పద్ధతి దిగుబడికీ మధ్య తేడా విస్తరణ అంతరం. ఈ మూడు దిగుబడులు ఎకరాకు వరుసగా 8, 5.5, 5 క్వింటాళ్లు అనుకుందాం. అప్పుడు సాంకేతిక అంతరం 2.5, విస్తరణ అంతరం 0.5 క్వింటాలు. ఇట్టి స్థితిలో మరుసటి ఏడాది ప్రదర్శనల సంఖ్య పెంచడం వలన ప్రయోజనం స్వల్పం. నేల, వర్షపాతం, యాజమాన్య పద్ధతులలో లోపమెక్కడో పరిశీలించి, సమస్యను పరిశోధన స్థానానికి నివేదించాలి. విస్తరణ అంతరం అధికంగా ఉన్నప్పుడే వ్యాప్తి కార్యక్రమాలను విస్తృతం చేయాలి.

ముగింపు

విత్తనం ఆలస్యంగా చేరినా ఇరవై ప్రదర్శనలు జరిగినట్లే నమోదవుతాయి; నివేదికలో నూరు శాతం సాధన కనిపిస్తుంది. వర్షాధార రైతుకు మాత్రం ఏడాదికి ఒకటే అదను. అది తప్పితే నష్టపోయేది అతడే. అందుచేత విస్తరణ సంస్థ నిర్వాహకుడు తన సాధనను రిజిస్టరులోని అంకెలతో కాక, రైతు కళ్లంలోని దిగుబడితో కొలుచుకోవలసి ఉంటుంది.