నిత్యకైంకర్యము - సమాజసేవ

దేవాలయమున జరుగు సేవలు రెండు విధములు: నిత్యకైంకర్యము, ఉత్సవము. బ్రహ్మోత్సవములకు ఊరంతయు కదలివచ్చును. స్వామివారి వాహనమును మోయుటకు భుజములు పోటీపడును. కాని వేకువనే లేచి గర్భాలయమును శుభ్రపరచి, తీర్థపు బిందె తెచ్చి, తులసిదళములు కోసి, దీపము వెలిగించు కార్యము ఏ కోలాహలమును లేక దినదినము సాగుచుండును. ఈ నిత్యారాధనమున లోపము కలిగినచో ప్రాయశ్చిత్తము చేయవలెనని ఆగమములు విధించుచున్నవి. తెలిసియు తెలియకయు జరిగిన అట్టి లోపముల పరిహారార్థమే ఏటేట పవిత్రోత్సవము జరుపుదురు. దీపము ఎంత పెద్దదని కాదు, ఏనాడును ఆరకుండుటయే ముఖ్యమని దీని భావము.

సాటి మనుష్యులకు చేయు సేవయందును ఈ భేదము కలదు.

శాస్త్రము చెప్పునది

శ్రీమద్భాగవతము తృతీయస్కంధమున కపిలాచార్యుడు తన తల్లియైన దేవహూతికి భక్తియోగమును ఉపదేశించెను. భగవంతుడు సర్వభూతములయందును ఆత్మగా నిలిచియుండగా, ఆ ప్రాణులను నిర్లక్ష్యము చేసి అర్చామూర్తిని మాత్రమే పూజించువాని పూజ బూడిదలో వేల్చిన హవిస్సు వంటిదని ఆయన హెచ్చరించెను. నవమస్కంధములోని రంతిదేవుడు నలువదియెనిమిది దినములు అన్నపానములు లేక కృశించియు, లభించిన అన్నమును అతిథులకు పెట్టి, మిగిలిన నీటిని సైతము దప్పికగొన్న వానికి ఇచ్చివేసెను.

తిరుమంగై ఆళ్వారుల చరిత్రము మన విషయమునకు మరింత చేరువైనది. కుముదవల్లిని వివాహమాడుటకై ఆయన ఒక నియమమును అంగీకరించెను. ప్రతిదినము వేయియెనిమిది మంది వైష్ణవులకు ఒక సంవత్సరకాలము అన్నము పెట్టవలెనన్నదే ఆ నియమము. ఒకనాడు వేయిమందికి విందు చేయుట సంపన్నునకు కష్టము కాదు. ఏడాదిలో ఏ ఒక్కనాడును తప్పక పెట్టుట వ్రతము. ఆ వ్రతమే ఆయన సంపదను కరగించి, ఆయనను ఆళ్వారుగా తీర్చిదిద్దినది.

నేటి నగరమున

హైదరాబాదు నగరమునకు పడమట మాదాపురము, కొండాపురము, గచ్చిబౌలి, రాయదుర్గము, నానక్‌రాంగూడ మున్నగు ప్రాంతములు ఒకప్పుడు బండరాళ్ళు, పొలములు, చిన్న పల్లెలు. 1998 నవంబరు 22న హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ ప్రారంభమైన పిదప, పాతికేండ్లలో ఆ ప్రాంతము మహానగరముగా మారినది. ఆ దారినే మరికొంత దూరము పోయినచో గండిపేట చెరువు, దాని చెంత చిలుకూరు బాలాజీ ఆలయము కలవు. హుండీ లేని ఆ సన్నిధిలో యువతీయువకులు పదకొండు ప్రదక్షిణములు చేసి, చదువుకో, ఉద్యోగమునకో విదేశయానము సిద్ధింపవలెనని మ్రొక్కుదురు. కోరిక తీరిన పిమ్మట వచ్చి నూటయెనిమిది ప్రదక్షిణములు చేయుదురు.

ఆ మ్రొక్కు తీరిన ఇంటిలో మిగిలినది ఎవరు? ఎత్తైన భవనములో పదునైదవ అంతస్తున వృద్ధ దంపతులు మిగిలిరి. వారికి ధనము కొరత లేదు. ఆసుపత్రికి తోడు వచ్చు మనిషి కొరత. ఆ భవనము ప్రక్కనే మరియొక భవనము లేచుచుండును. దానిని కట్టుచున్న కూలీల పిల్లలు ఇసుక కుప్పల మీద ఆడుచుందురు. పాలమూరు నుండియు, ఒడిషా, జార్ఖండ్, బీహారు రాష్ట్రముల నుండియు వచ్చిన ఆ కుటుంబములు పని ముగియగానే మరియొక చోటికి తరలును. పిల్లల చదువు నడుమ తెగిపోవును.

ఆ కుటుంబముల స్థితి లోకమునకు తెలిసినది 2020లో. మే 1వ తేదీ వేకువన లింగంపల్లి స్టేషను నుండి జార్ఖండులోని హటియాకు దేశములోనే మొదటి శ్రామిక ప్రత్యేక రైలు బయలుదేరినది. కంది వద్ద ఐ.ఐ.టి. నిర్మాణమున పనిచేయుచుండిన కూలీలు అందు ఎక్కువమంది. రమారమి 1,200 మంది ఆనాడు స్వగ్రామములకు మరలిరి. ఆ విపత్కాలమున సహాయమునకు వచ్చినవారును తక్కువ కాదు. పోలీసులు, ఐ.టి. సంస్థలు కలిసి నడుపు సైబరాబాద్ సెక్యూరిటీ కౌన్సిల్ ద్వారా స్వచ్ఛందసేవకులు ముందుకు వచ్చిరి. వ్యాధి నుండి కోలుకొన్నవారు పరులకై ప్లాస్మా దానము చేసిరి. ఇది మిక్కిలి కొనియాడదగినది. కాని విపత్తు తొలగిన పిదప ఆ వృద్ధులును, ఆ పిల్లలును అక్కడనే ఉన్నారు. వారి అవసరము నిత్యము.

2013 నాటి కంపెనీల చట్టము పెద్ద సంస్థలు తమ సగటు లాభములో నూటికి రెండు వంతులు సమాజహితమునకు వ్యయము చేయవలెనని విధించినది. ధనమును చట్టము ఇప్పింపగలదు. మనసు పెట్టి వచ్చు మనిషిని మాత్రము చట్టము ఇప్పింపజాలదు. ఒక శనివారము నలుబదిమంది వచ్చి, బడిగోడకు రంగులు వేసి, సంచులు పంచి, ఫోటోలు తీసికొని వెళ్ళినచో అది ఉత్సవము. "అన్నయ్య మరల ఎప్పుడు వచ్చును?" అని అడిగిన పసివానికి సమాధానము లేనిచో, ఆ ఉత్సవము వానికి మేలు కంటె వెలితినే మిగుల్చును. విడిచి పోవువారిని చూచుట ఆ పిల్లలకు అలవాటే. మనము ఆ వరుసలో మరియొకరము కారాదు.

ఆచరణవిధానము

మొదటిది, కొంచెమైనను నియతముగా చేయుట. వారమునకు ఒక గంట చాలును. అదే దినము, అదే వేళ ఉండవలెను. రాలేనిచో ముందుగా తెలిపి, మరియొకరిని పంపవలెను. అర్చకునకు అస్వస్థత కలిగినను ఆరాధనము ఆగదు కదా!

రెండవది, మనకు తోచినది గాక వారికి కావలసినది చేయుట. వృద్ధులకు పండ్లబుట్ట కంటె బ్యాంకునకు, వైద్యునికడకు తోడు పోవుట ఎక్కువ ఉపకారము కావచ్చును. అయితే వారి రహస్యసంఖ్యలను, ఓ.టి.పి.లను అడుగరాదు, వారును ఎవ్వరికిని చెప్పరాదని బోధింపవలెను. వృద్ధుల సహాయమునకు 14567 అను ఫోన్ సంఖ్య కలదు. 2007 నాటి చట్టము ననుసరించి, నిరాదరణకు గురియైన తల్లిదండ్రులు ట్రిబ్యునలు ద్వారా పోషణ పొందవచ్చును. ఇది తెలియనివారికి తెలియజెప్పుటయు సేవయే.

మూడవది, కుటుంబమునకు దారి చూపుట. 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రకారము ఆరు నుండి పదునాలుగు ఏండ్ల పిల్లలకు విద్య ఉచితము. వయసు ధ్రువపత్రము లేదని ప్రవేశమును నిరాకరింపరాదు. కూలిపని మాని బడికి వచ్చి ఈ మాట అడుగుట ఆ తల్లికి కష్టము. ఒక్క పూట ఆమెకు తోడుగా వెళ్ళినచో బిడ్డ చదువు నిలుచును.

నాలుగవది, పిల్లలయెడ జాగరూకత. తల్లిదండ్రుల అనుమతి లేక వారిని ఎచటికిని తీసికొనిపోరాదు, ఫోటోలు తీయరాదు. ఒంటరిగా గాక పదిమంది కన్నుల యెదుటనే బోధింపవలెను. బిడ్డకు హాని జరుగుచున్నదని తెలిసినచో 1098కు తెలుపవలెను.

ఐదవది, శేషత్వభావము. సేవ పొందువాడు మనకు ఋణపడినవాడు కాడు. కైంకర్యమునకు అవకాశమొసగిన ఉపకారి అతడే.

తిరుమలయందు 2000 సంవత్సరమున ఆరంభమైన శ్రీవారి సేవలో పాల్గొన్న భక్తులు మన పాఠకులలో పెక్కుమంది కలరు. కొన్ని దినములు క్యూలలోని బిడ్డలకు పాలు అందించి, వృద్ధులకు చేయూతనిచ్చి ఇంటికి మరలుదురు. అచట నేర్చిన ఓర్పు, మృదుభాషణము కొండ దిగినంత మాత్రమున ముగియవలసినవి కావు. తమ వీధిలో తలుపు మూసికొని కూర్చున్న వృద్ధురాలును, తమ భవనము ప్రక్కన ఇసుకలో ఆడుచున్న బిడ్డయు ఆ క్యూలోని భక్తులే.

ఈ మాసమున ప్రతి గృహస్థుడును ఒక గడపను ఎన్నుకొనునుగాక. వారమునకొక గంట అచట తప్పక గడుపునుగాక. ఆ చిన్న దీపము ఆరకుండ శ్రీనివాసుడు అనుగ్రహించుగాక.