కిట్టుతో కుట్టిన బొంత నిజమైనదేనా?

ప్రశ్న: మా అమ్మమ్మ పాతచీరలతో బొంతలు కుట్టేది. నేను ముందే కత్తిరించిన ముక్కల కిట్టు కొని ఒకటి కుట్టాను. "ఇందులో నీ పనితనమేముంది?" అంటున్నారు మా అత్తగారు. పైగా నడుమ ముడతలు పడ్డాయి. ఏమి చేయాలి?
— ఒక గృహిణి, శ్రీకూర్మం

జవాబు: అమ్మా, మీరు కుట్టినది నిస్సంశయముగా బొంతయే. వేర్వేరు పొరలను ఏకముగా బంధించి, ఏండ్ల తరబడి ఉతుకులకు ఓర్చి నిలుచునట్లు చేయు కుట్టే బొంతకు ప్రాణము. ఆ కుట్టు మీ చేతిదే. అమెరికాలో 1920, 30 దశకములలోనే ఇట్టి కిట్లు విక్రయింపబడినవి. అయినను మీ అత్తగారి మాటలో కొంత సత్యము కలదు: చీరలో ఏ భాగము గట్టిదో, ఏది చీకినదో వ్రేళ్లతో తడిమి నిర్ణయించు వివేకమును కిట్టు నేర్పజాలదు.

ముడతలకు కారణము, కుట్టునపుడు పొరలు జరుగుటయే. ఈసారి అడుగుగుడ్డను నేలపై బిగువుగా పరచి, పొరలన్నిటిని బెత్తెడు దూరమున కచ్చాకుట్టుతో కలిపి, నడుమనుండి అంచులకు కుట్టుకొనుచు రండు. ముక్కలను అతుకునపుడు పావు అంగుళము అంచు విడువుడు. ఎఱ్ఱని ముక్కలపై తడి తెల్లగుడ్డ అద్ది, రంగు దిగునేమో చూడుడు. పిమ్మట కిట్టు నమూనాను కాగితముపై దించుకొని, రెండవ బొంతకు ఇంటి నూలుచీరలనే కత్తిరింపుడు. పలుమార్లు ఉతికిన గుడ్డ మరి కుంచించుకొనదు. అడుగుపొరకు మెత్తబడిన పొందూరు ఖద్దరు పంచె దొరకినచో సూది సులువుగా సాగును.

అతుకులు మాటిమాటికి విడిపోవుచున్నను, అమ్మమ్మగారి బొంత చిరుగుచున్నను, స్వయముగా ప్రయోగములు చేయక, బొంతలు కుట్టుటలో చేయి తిరిగిన పెద్దలకు ప్రత్యక్షముగా చూపుడు.