సుస్థిరాభివృద్ధిలో కార్పొరేట్, సామాజిక వ్యవస్థాపకత: అరకు కాఫీ అనుభవం

ఓడరేవు, ఉక్కు కర్మాగారం, ఎరువుల పరిశ్రమలతో విశాఖపట్నం పారిశ్రామికంగా ఎదగగా, సమీప మన్యంలోని గిరిజన కుటుంబాలు చిరకాలం పోడు సేద్యంపైనా, అటవీ ఫలసాయంపైనా ఆధారపడ్డాయి. ఈ అంతరాన్ని తగ్గించడంలో వ్యాపార సంస్థల పాత్ర ఎంత అన్నది విస్తరణ శాస్త్రవేత్తలు పరిశీలించదగిన అంశం.

2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ ప్రకారం, నికర విలువ రూ.500 కోట్లు, టర్నోవరు రూ.1000 కోట్లు, నికర లాభం రూ.5 కోట్లు — వీటిలో ఏ ఒక్క పరిమితిని చేరిన కంపెనీ అయినా, గత మూడు సంవత్సరాల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత కింద వెచ్చించాలి. ఈ నిధులతో పాఠశాల గదులు, తాగునీటి వసతులు ఏర్పడతాయి. అయితే ఇది వ్యయం మాత్రమే. నిధులు ఆగిన నాడు కార్యక్రమమూ ఆగిపోవచ్చు. సామాజిక వ్యవస్థాపకత ఇందుకు భిన్నమైనది. ఇందులో సామాజిక ప్రయోజనమే లక్ష్యం, వ్యాపారం దానికి సాధనం. వచ్చిన ఆదాయమే తదుపరి పనికి పెట్టుబడి అవుతుంది.

అరకు కాఫీ ఇందుకు చక్కని ఉదాహరణ. 1998లో హైదరాబాదులో ఏర్పడిన నాంది ఫౌండేషన్, గిరిజన రైతులను పరస్పర సహాయ సహకార సంఘంగా సంఘటితపరచింది. పండిన పండ్లను మాత్రమే ఎంచి కోయడం, కోసిన రోజే గుజ్జు తీయడం, గింజలను శుభ్రంగా ఆరబెట్టడం వంటి పద్ధతులలో శిక్షణ లభించింది. నాణ్యత పెరగడంతో ప్రత్యేక కాఫీ విపణి తెరుచుకుంది. 2017లో పారిస్‌లో అరకు పేరుతో విక్రయశాల వెలసింది. 2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు లభించింది.

చెట్ల పెంపకానికి డానోన్ తదితర సంస్థల లైవ్‌లీహుడ్స్ నిధి ముందుగా పెట్టుబడి పెట్టింది. ప్రతిఫలంగా కంపెనీలకు కార్బన్ క్రెడిట్లు, రైతులకు ఫలసాయం దక్కేలా ఒప్పందం రూపొందింది. నీడ చెట్ల కింద కాఫీ, వాటిపై మిరియాల తీగ పెంచడం వల్ల నేల కోత తగ్గి, ఒకే భూమి నుండి రెండు ఆదాయాలు వస్తాయి.

ఈ విజయం ఒక్క సంస్థది కాదు. పాడేరు సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ తోటల విస్తరణకు, విశాఖ కేంద్రంగా 1956 నుండి పనిచేస్తున్న గిరిజన సహకార సంస్థ కొనుగోలుకు, కాఫీ బోర్డు వారి ఆర్.వి.నగర్ పరిశోధనా కేంద్రం సాంకేతిక సలహాలకు తోడ్పడుతున్నాయి. కొనుగోలుదారులు ఒకరికి మించి ఉన్నప్పుడే రైతుకు బేరమాడే శక్తి కలుగుతుంది.

అయితే పరిమితులు కూడా ఉన్నాయి. కాఫీ మొక్క కాపుకు రావడానికి మూడు, నాలుగు సంవత్సరాలు పడుతుంది. అంతవరకు ఆహార పంటలను విడువరాదు. అంతర్జాతీయ ధరల ఒడిదుడుకులు రైతును నేరుగా తాకుతాయి. గుజ్జు తీసిన మురుగునీరు శుద్ధి కాకుండా వాగులలో కలిస్తే పర్యావరణ లాభం హరించుకుపోతుంది.

కావున ఇటువంటి పథకాలను మదింపు చేసేటప్పుడు ఖర్చయిన మొత్తాన్ని కాక, రైతుకు దక్కిన ధరను, సంఘ నిర్ణయాలలో అతని వాటాను, నేల, నీటి స్థితిని కొలవాలి. కంపెనీ వైదొలిగిన తరువాత కూడా సంఘం తన కాళ్ళపై నిలబడగలిగితేనే ఆ అభివృద్ధి సుస్థిరమని చెప్పవచ్చు.