మునిగిన లోయలో రేవు

సహజ నౌకాశ్రయం గురించి మీరు పరీక్షలో రాసే వాక్యం ఒకటుంది: తీరరేఖ వంకరటింకరగా ఉంటే ఓడలకు రక్షణ దొరుకుతుందని. సరే, ఆ వంకరలు తిప్పింది ఎవరు?

న్యూజీలాండు ఉత్తర దీవి పడమటి తీరంలో రాగ్లన్ అనే చిన్న ఊరుంది. సుమారు 20 వేల ఏళ్ల క్రితం, మంచుయుగం ముదిరిన రోజుల్లో సముద్రమట్టం ఇప్పటికంటె దాదాపు 120 మీటర్లు కింద ఉండేది. అప్పుడు ఇక్కడ రేవు లేదు, నదీలోయ ఉండేది. మంచు కరిగి సముద్రం పైకి వచ్చి, లోయలోకీ దాని వాగుల్లోకీ చొరబడింది. పటం చూడండి: రేవు చేతివేళ్లు చాచినట్టు కనిపిస్తుంది.

మావోరీలు దీన్ని ఫాయింగరోఆ అంటారు. సుదీర్ఘమైన అన్వేషణ అని అర్థం. తైనుయి అనే పెద్ద పడవలో వచ్చిన పూర్వులు ఈ రేవుకోసం చాలాకాలం వెతికారని వారి ఐతిహ్యం.

పడవలకు మేలుచేసే నిలకడ నీరే రేవుకు చిక్కు తెచ్చింది. పచ్చికబయళ్లకోసం కొండలమీది అడవి కొట్టారు; వానకు మన్ను కొట్టుకువచ్చి అడుగున పేరుకుంది. అందుకే వాగుల ఒడ్డున కంచెలు వేసి, పశువులను ఆపి, మొక్కలు నాటుతున్నారు.

రేవు బయట సంగతి వేరు. తీరాన ఇసుక నల్లన. అయస్కాంతం తిప్పితే రేణువులు అతుక్కుంటాయి. తరనాకి అగ్నిపర్వత శిలలనుంచి వచ్చిన ఇనుప ఖనిజం అది. (మన భీమిలి నల్ల ఇసుకలో ఇల్మనైట్ ఎక్కువ. అది మామూలు అయస్కాంతానికి అంత గట్టిగా అంటదు.) దగ్గరలోని మను బే వద్ద అల రాళ్ల ఒడ్డును ఏటవాలుగా తాకుతుంది. లోతు తగ్గినచోట అల నెమ్మదించి, నిటారై విరుగుతుంది గదా! ఏటవాలుగా రావడంవల్ల ఒక్కసారిగా విరగక, ఒక కొసనుంచి రెండో కొసకు వరసగా విరుగుతూ పోతుంది. పలకమీద నిలబడి ఆ అలతోపాటు జారడానికి దేశదేశాలవాళ్లు వస్తారు.

ఆటలన్నీ ఇంత నిరపాయమైనవి కావు. రేవు ఒడ్డునే తె కోపువా అనే మావోరీ భూమి ఉంది. రెండో ప్రపంచయుద్ధంలో విమానాశ్రయానికని ప్రభుత్వం దాన్ని తీసుకుంది. యుద్ధం ముగిసినా తిరిగి ఇవ్వలేదు. కొంత భాగం గోల్ఫ్ మైదానమైంది. అంటే పూర్వుల సమాధులున్న నేలమీద బంతులాట! 1978లో ఈవా రికార్డ్ అనే మావోరీ మహిళ నాయకత్వాన జనం ఆ మైదానంలో బైఠాయించారు. పోలీసులు ఆమెనూ, మరికొందరినీ అరెస్టు చేశారు. 1980ల్లో భూమి వారికి తిరిగి దక్కింది.