కప్పును మోసే త్రిభుజాలు

పూరింట్లో నడుమ నిలబడిన నిట్రాట కప్పు బరువును మోయడం మీరు చూసే ఉంటారు. మరి లారీలు, ట్రాక్టర్లు నిలిపే షెడ్డులో నడుమ స్తంభం అడ్డమే కదా! అక్కడ కప్పు దేని ఆధారంతో నిలుస్తుంది?

ముందు ఈ ప్రయోగం చేయండి. నాలుగు వెదురు బద్దలను మూలకొక మేకు చొప్పున కొట్టి చతురస్రం చేయండి. పక్కనుంచి నెడితే అది ఒరిగిపోతుంది. మూడు బద్దలతో త్రిభుజం చేసి నెట్టండి. ఆకారం మారదు. భుజాల పొడవులు మారనిదే త్రిభుజంలో కోణాలు మారవు. ఇలాంటి త్రిభుజాలను కూర్చి చేసిన చట్రమే ట్రస్సు.

ఏటవాలుగా ఉన్న రెండు వాసాలూ కప్పు బరువుకు కింది కొసల వద్ద బయటికి జారబోతాయి. అడుగు దూలం ఆ కొసలను లోపలికి లాగి పట్టుకుంటుంది. ట్రస్సు శిఖరం మీద 100 కిలోల బరువు ఉందనుకుందాం. వాలు 45 డిగ్రీలైతే అడుగు దూలంలో లాగుడు 50 కిలోల బరువుకు సమానం. 30 డిగ్రీలైతే సుమారు 87 కిలోలు, 15 డిగ్రీలైతే సుమారు 187 కిలోలు! కప్పు చదునయ్యేకొద్దీ లాగుడు పెరుగుతుందన్నమాట. ఎత్తు చాలలేదని ఈ దూలాన్ని కోసేస్తే గోడలు బయటికి ఒరిగి, కప్పు కూలిపోవచ్చు.

ఇక ట్రస్సుల్లో రకాలు చూద్దాం.

కింగ్ పోస్ట్: నడుమ ఒకే నిలువు కొయ్య. 5 నుంచి 8 మీటర్ల వెడల్పుకు సరిపోతుంది. ఈ కొయ్య నిట్రాటలా కప్పును మోయదు. శిఖరం నుంచి వేలాడుతూ అడుగు దూలం నడుమ కుంగకుండా పట్టుకుంటుంది!

క్వీన్ పోస్ట్: రెండు నిలువు కొయ్యలు. 8 నుంచి 12 మీటర్ల వరకు వాడతారు.

ఫింక్: ఆల్బర్ట్ ఫింక్ అనే ఇంజనీరు 1854లో వంతెనల కోసం పేటెంటు పొందిన ట్రస్సు పేరే దీనికి వచ్చింది. పొడవైన పుల్లను రెండు కొసలా నొక్కితే వంగుతుంది, లాగితే వంగదు. అందుకే ఇందులో నొక్కుడు పడే ముక్కలు పొట్టిగా, లాగుడు పడేవి పొడవుగా ఉంటాయి. ఇనుప షెడ్లకు ఇది అనువైనది.

కత్తెర ట్రస్సు: అడుగు కొయ్యలు కత్తెరలా పైకి లేచి ఒకదాన్నొకటి దాటుతాయి. లోపల ఎత్తు కలిసివస్తుంది. కాని బలాలు ఎక్కువవుతాయి కనుక కొయ్యలు లావుగా, అతుకులు గట్టిగా ఉండాలి.

కాబట్టి ట్రస్సును ఎంచుకునేముందు వెడల్పు, లోపల కావలసిన ఎత్తు, కప్పు బరువు, వాలు చూడాలి. గాలినీ మరువకూడదు. తుపాను గాలి రేకుల కప్పును పైకి లాగుతుంది. అప్పుడు బలాలు తారుమారై, లాగుడు పడే అడుగు భాగంపై నొక్కుడు పడవచ్చు. అందుకే ట్రస్సును గోడలకు బోల్టులతో బిగించి, ట్రస్సుకూ ట్రస్సుకూ మధ్య అడ్డకట్లు వేస్తారు.

ఆలోచించండి: కింగ్ పోస్ట్ స్థానంలో గట్టి ఇనుప తీగ కడితే ట్రస్సు నిలుస్తుందా? నిట్రాట స్థానంలో కడితేనో?

మీ ఊరి ధాన్యం గోదాములో తల పైకెత్తి చూడండి. ఎన్ని త్రిభుజాలున్నాయో లెక్కించండి.