మోటారుతో మాటలాడు తీగలు

రక్షిత మంచినీటి పథకముల పంపు గదులలో నేడు పెక్కుచోట్ల మోటారు ప్రక్కన డ్రైవు అను పెట్టె యొకటి కనిపించును. సెకనుకు 50 ఆవృత్తులతో వచ్చు విద్యుత్తును అది ముందు ఏకముఖ ప్రవాహముగా మార్చి, పిమ్మట కోరిన ఆవృత్తిలో మోటారునకు అందించును. ఆవృత్తి తగ్గినచో వేగము తగ్గును. అపకేంద్ర పంపు వేగమును ఐదవ వంతు తగ్గించినచో విద్యుద్వ్యయము సుమారు సగమునకు దిగును. నీటిని మిక్కిలి ఎత్తునకు ఎక్కించు చోట్ల మాత్రము ఇంత లాభముండదు.

ఎంత వేగమున తిరుగవలెనో డ్రైవునకు తెలుపు యంత్రము పి.ఎల్‌.సి. ట్యాంకులో నీటిమట్టమును గమనించుచు, అది పెక్కు డ్రైవులను నడుపును. ఒక్కొక్క సంకేతమునకు ఒక్కొక్క తీగ లాగుటకు బదులు, మెలివేసిన జంట తీగనే అన్ని డ్రైవులకును కలుపుదురు. ఆర్‌.ఎస్‌. 485 అను ఈ పద్ధతిలో సుమారు 1200 మీటర్ల దూరము వరకు సమాచారము పోగలదు. ఆ తీగపై సాగు భాషలలో మిక్కిలి వాడుకలో నున్నది మాడ్‌బస్‌. దీనిని అమెరికాలోని మోడికాన్‌ సంస్థ 1979లో వెలువరించినది.

ఈ సంభాషణ బడిలో హాజరు పిలుచుట వంటిది. ప్రతి డ్రైవునకు 1 మొదలు 247 లోపల ఒక సంఖ్య యుండును. పి.ఎల్‌.సి. ఏ సంఖ్యను పిలిచిన ఆ డ్రైవే బదులు పలుకవలెను; పిలువనిదే ఎవ్వరును మాటలాడరాదు. డ్రైవులోని సమాచారమంతయు తపాలా కచేరీలోని అరల వలె విభజింపబడి యుండును. 3 అను సంకేతము అరలోని సంఖ్యను చదువుటకు, 6 అనునది అరలో సంఖ్య వ్రాయుటకు. సందేశము చివర సరిచూచు సంఖ్య యొకటి యుండును. అది పొసగనిచో డ్రైవు మౌనము వహించును, పి.ఎల్‌.సి. మరల అడుగును.

అరలో ఉండునది సంఖ్య మాత్రమే, ప్రమాణము కాదు. 3500 అనునది ఒక డ్రైవునకు 35 ఆవృత్తులు, మరియొక దానికి 350. కొన్ని పుస్తకములు అరలను 1 నుండి లెక్కింపగా తీగపై లెక్క 0 నుండి ఆరంభమగును. ఇది గమనింపనిచో ప్రక్కింటి ఉత్తరము చదివినట్లగును.

ఇక ముఖ్యవిషయము. తీగను ఎలుక కొరికినదనుకొందము. కడపట విన్న ఆజ్ఞనే పట్టుకొని డ్రైవు మోటారును తిప్పుచుండవచ్చును. ట్యాంకు నిండి పొర్లుట కొంత నష్టమే. సంపు ఎండినను పంపు తిరిగినచో సీలు మాడి, మరమ్మతు అగువరకు ఊరికి నీరే యుండదు. ఇన్ని సెకనుల వరకు సందేశము రానిచో ఆగవలెనని డ్రైవులో ముందుగా నిర్ణయింపవచ్చును. కొన్నింటిలో ఈ ఏర్పాటు ఉండియు పనిచేయకుండ నుంచబడును. కావున పథకమును స్వాధీనము చేసికొను దినమున, పంపు నడచుచుండగా సమాచారపు తీగను ఊడదీయించి ఏమగునో చూపుమని పంచాయతీవారు కోరవలెను. ఇది ఇంజనీర్ల పని యనవచ్చును గాని, దాహము ఊరిది.

తీగ మీద వచ్చిన ‘ఆగుము’ అను ఆజ్ఞతో మోటారు నిలుచునే గాని విద్యుత్తు తొలగదు. మరొక ఆజ్ఞ రాగానే అది తిరుగవచ్చును. పంపు ఆపరేటరు మోటారుపై చేయి వేయుటకు ముందు మెయిన్‌ స్విచ్చి తీసి తాళము వేయవలెను. 415 వోల్టుల డ్రైవులోని కెపాసిటర్లలో 500 వోల్టులకు పైగా విద్యుత్తు నిలిచియుండును గనుక, పెట్టెపై ముద్రించిన నిమిషములు గడచిన పిదపనే మూత తెరువవలెను.